ఆర్సీ సీప్లేన్ కొనేటోళ్లు జాగ్రత్త, నీళ్లల్లో దింపితే వారంటీ పోతుందంట!

కర్నూలు, అనంతపురం, కడప వైపు రిమోట్ ప్లేన్లు ఎగరేసే అన్నలు, తమ్ముళ్లు, ఇది ఒకసారి చదివి తర్వాత డబ్బులు కొట్టండి. నేను 14,500 రూపాయలు నీళ్లల్లో పోసినా, మాటవరసకు కాదు, నిజంగానే గార్గేయపురం చెరువులో పోసినా.

2024 నవంబర్ 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ జరిగింది కదా, సీఎం కూడా దాంట్లోనే వచ్చి దిగినాడు, అది టీవీలో చూసినప్పట్నుంచి మా అన్న కొడుకు ఒకటే పోరు, చిన్నాయనా మనం కూడా నీళ్లమీద నుంచి లేచేది ఒకటి తెద్దాం అని. నేను రెండేళ్లుగా నేలమీద లేచే ఫోమ్ ట్రైనర్ (నేర్చుకునేటోళ్ల ప్లేన్) ఎగరేస్తున్నా కాబట్టి ఇదేం పెద్ద విద్య అనుకున్నా. ఇన్‌స్టాలో ఒక పేజీ దొరికింది. రెడీ టు ఫ్లై, ఫుల్ వాటర్‌ప్రూఫ్, 2200 ఎంఏహెచ్ బ్యాటరీ అని రాసినాడు. బిల్లు ఇస్తావా అంటే పార్శిల్‌లోనే ఉంటది అన్నా అన్నాడు. ఎవరిదో సొంత నంబర్‌కు యూపీఐ చేసినా, అదీ నా తెలివి. పార్శిల్‌లో బిల్లు లేదు, ఏం లేదు. పేజీ పేరు ఇక్కడ రాయట్లేదు, రాసినా లాభం లేదు, రేపు ఇంకో పేరుతో వస్తాడు.

బాక్స్ టేపు మీద టేపు వేసి ఉంది. అప్పుడే డౌట్ పడాల్సింది, కానీ పిల్లోడు పక్కనే ఎగురుతుంటే ఏం చూస్తాం. బ్యాటరీ చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా అనిపించింది. 2200 అని స్టిక్కర్ ఉంది, దాని మూల కొంచెం లేచింటే గోరుతో గీకినా, కింద ఇంకో స్టిక్కర్, దానిమీద 1300! వీధి చివర కిరాణా అంగట్లో త్రాసు మీద పెడితే 112 గ్రాములు తూగింది. మూడు సెల్లుల 2200 బ్యాటరీ అంటే ఎంత లేదన్నా 170, 180 గ్రాములు ఉంటది. అంగడాయన ఏందప్పా ఇది, బెల్లమా అన్నాడు. అప్పుడే వెనక్కి పంపింటే ఈ కథ ఉండేది కాదు, సరేలే పది నిమిషాలు కాకుంటే ఐదు నిమిషాలు ఎగురుతుందిలే అని సర్దుకున్నా.

ఆదివారం పొద్దున్నే ఆరున్నరకు చెరువు కాడికి పోయినాం. (ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ ఉంది కాబట్టి ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే సర్కారు డిజిటల్ స్కై మ్యాప్ చూసుకునే పోయినా, మీరూ చూసుకోండి.) గాలి లేదు, నీళ్లు అద్దం లెక్క ఉన్నాయి. కొత్తోళ్లకు ఇదే మంచిది అనిపిస్తుంది కానీ కాదు, కదలని నీళ్లు ప్లేన్ పొట్టను పట్టుకుని వదలవు, చిన్న చిన్న అలలుంటేనే తొందరగా లేస్తుంది. పొట్ట కింద మధ్యలో మెట్టు లాగా ఒక తెగిన అంచు ఉంటుంది, దాన్నే స్టెప్ అంటారు, స్పీడ్ పెరిగేకొద్దీ నీళ్లు అక్కడే విడిపోవాలి, అందుకే ఆ అంచు పదునుగా ఉండాలి. నాకొచ్చిన దాంట్లో ఆ అంచు మొత్తం గ్లూ పూసి గుండ్రంగా అయిపోయింది, పైన తెల్ల పెయింట్. అంటే ఎవరో ఎగరేసి పగలగొట్టినదాన్ని అతికించి నాకు అంటగట్టినాడన్నమాట. ఇంట్లో తిరగేసి చూసింటే కనపడేదే.

మూడుసార్లు థ్రాటిల్ ఇచ్చినా, మూడుసార్లూ ముక్కు నీళ్లల్లోకి దూరి దున్నింది. మోటర్ రెక్కపైన ఎత్తులో ఉంటది కాబట్టి ఒక్కసారిగా ఫుల్ ఇస్తే ముక్కును కిందికి తోస్తుంది, మెల్లగా పెంచాలి, అది నా తప్పే ఒప్పుకుంటా. నాలుగోసారికి కాస్త గాలి తోలింది, నీళ్లు కదిలినాయి, లేచిందబ్బా! మావోడు అరిచిన అరుపుకు గట్టున కొంగలన్నీ లేచిపోయినాయి.

ఇరవై సెకన్లు. అంతే. ఎడమ రెక్క వాలింది, నేను కుడికి ఇస్తున్నా అది వినట్లేదు, సిగ్నల్ పోతే మోటర్ దానంతటదే ఆగేటట్లు ఫెయిల్‌సేఫ్ పెట్టుండాలి, అదీ పెట్టలేదు, నేను కూడా ఇంట్లో రిమోట్ ఆపి చూసుకోలేదు, అది ఫుల్ స్పీడ్ మీదే తిరిగి తిరిగి దూరంగా నీళ్లల్లో కొట్టుకుంది. పుట్టిలో వల తీస్తున్న ఆయన తెచ్చిచ్చినాడు, ఫ్యాన్ ముట్టుకోవద్దు సామీ అని గట్టు నుంచి అరుస్తానే ఉన్నా. ఇచ్చేటప్పుడు అడిగినాడు, ఇది ఎగిరేదా సామీ, మునిగేదా అని. రెండొందలు ఇచ్చినా.

మూత తీస్తే లోపల గ్లాసుడు నీళ్లు. మూతకు రబ్బరు లేదు, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు ఏ కప్పూ లేదు. అసలు సంగతి ఏందంటే మోటర్‌ను నడిపే ఈఎస్‌సీ వైర్ల కాడ పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ పొద్దు తడిస్తే ఆ పొద్దే చిలుము పట్టదు కదా, అంటే నా చేతికి రాకముందే ఎక్కడో మునిగిన సరుకు అది. తెల్లారేసరికి బ్యాటరీ ఉబ్బింది, బయట ఇసుక బకెట్‌లో పెట్టినా. ఇట్లాంటి లిపో బ్యాటరీ ఉబ్బితే పొడవొద్దు, ఛార్జింగ్ అస్సలు పెట్టొద్దు, అంటుకుంటది.

ఫోటోలన్నీ పంపితే అమ్మినోడి రిప్లై: "వాటర్ డ్యామేజ్ కనిపిస్తుంది సార్, వారంటీ వర్తించదు." సీప్లేన్‌ను నీళ్లల్లో కాకుండా ఇంగ యాడ దింపాలయ్యా, మా మిద్దె మీదా? అడిగినా. బ్లాక్ చేసినాడు.

1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా, కంప్లైంట్ తీసుకున్నారు, బిల్లు అడిగినారు, నా దగ్గర యూపీఐ స్క్రీన్‌షాట్, చాటింగ్ తప్ప ఏం లేవు, అవే ఇచ్చినా. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో కూడా తీయలేదు. మీరు కొంటే మాత్రం విప్పేటప్పుడు వీడియో తీసి, బ్యాటరీ తూకం వేసి, మూత టేపు వేసి ఇంట్లో నీళ్ల తొట్టిలో పది నిమిషాలు వదిలి, తీసి లోపల టిష్యూ పెట్టి చూడండి. టిష్యూ తడిస్తే చెరువు దాకా పోనవసరం లేదు.

2200 కింద 1300 స్టిక్కర్ ఉన్న బ్యాటరీ ఇంకెవరికైనా వచ్చుంటే చెప్పండి, నా కంప్లైంట్‌కు మీదీ జత చేద్దాం. మావోడు మాత్రం అవేం పట్టించుకోకుండా ఆ ఇరవై సెకన్ల వీడియో స్టేటస్ పెట్టుకున్నాడు, నీళ్లల్లో పడే ముక్క కట్ చేసి.