వెనిస్ పటం కట్టించాలంటే: టీ నగర్ షాపులో ఏం అడగాలి

పాత ఇటలీ నగర చిత్రాలను కాన్వాస్ మీద ప్రింటు తీసి, పటం కట్టి ఇచ్చే షాపు ఇది, చెన్నై టీ నగర్‌లో. ప్రింటు పనికి మంచి మార్కులే వెయ్యొచ్చు. కొలతలు మాత్రం వాళ్లకు వదిలేయకూడదు.

వెనిస్ చిత్రకారుడు కానలెట్టో గీసిన, ఆ ఊరి సాన్ మార్కో కూడలినే తీసుకోండి. 1720ల చివరి నాటి ఈ చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఫైలు వాళ్ల సైటులో ఉచితం. అసలు కొలత 68.6 × 112.4 సెంటీమీటర్లు. షాపులో సిద్ధంగా ఉండే చట్రం 24 × 36 అంగుళాలు. ఏమీ చెప్పకపోతే దానికి సరిపెట్టడానికి రెండు పక్కలా కోసేస్తారు, వెడల్పులో పన్నెండో వంతు పోతుంది. పోయేది ఖాళీ జాగా కాదు. కూడలి చివరనున్న చర్చి వైపు సాగిపోయే రెండు భవన వరుసలూ మొదలయ్యేది ఆ అంచుల్లోనే, బొమ్మకు లోతు వచ్చేదీ అక్కడినుంచే. అందుకే 22 × 36 అని కాగితం మీద రాసివ్వండి. చట్రం వెనక్కి మడవడానికి చుట్టూ ఒకటిన్నర అంగుళం అదనపు కాన్వాస్ కూడా అడగండి, లేకపోతే ఆ మేరకు బొమ్మే వెనక్కి మడతలోకి పోతుంది.

36 అంగుళాల వెడల్పుకు, అంగుళానికి 150 చొప్పున, ఫైలులో 5400 పిక్సెళ్లు కావాలి. 4000 మాత్రమే ఉంటే 26 అంగుళాల దగ్గర ఆగడం మేలు.

తెర మీద వెలిగే రంగు కాన్వాస్ మీదికి వచ్చేసరికి ఒక మెట్టు దిగుతుంది. ముందు ఏ4 సైజులో నమూనా తీయించి, పగటి వెలుగులో కుడివైపు నీడను చూడండి. అక్కడి మనుషులంటే రెండు మూడు కుంచె చుక్కలే. అవి విడివిడిగా కనిపించాలి. నల్ల మరకలా కలిసిపోతే నీడ భాగాన్ని తేలిక చేయమనండి. నమూనా రెండోసారి అడిగినా ఇక్కడ విసుక్కోరు, ఈ షాపుకు వెళ్లడానికి అసలు కారణం అదే.

పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ కళాకారుడు పిరనేజీ వేసిన రోమ్ దృశ్యాలను మాత్రం కాన్వాస్ మీద వేయించకండి. అవి రాగి రేకులతో ముద్రించిన సన్న గీతలు, బట్ట నేతలో విరిగిపోతాయి. మెరుపు లేని కాటన్ కాగితం, బొమ్మ చుట్టూ ఆమ్లం లేని మౌంటు అట్ట, పైన అద్దం. అద్దం కాగితానికి తగిలితే చెమ్మకు అతుక్కుంటుంది, మౌంటు మందం ఉండాల్సింది అందుకే.

లోపమల్లా చట్రం వెనకే. మామూలు ఇనుప పిన్నులు కొడతారు, చెన్నై ఉప్పుగాలికి తుప్పు పట్టి బట్టకు మరక దిగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. మూలలు మేకులతో బిగించేయకుండా చెక్క చీలలు పెట్టించుకుంటే, వానాకాలంలో కాన్వాస్ వదులైనప్పుడు వాటిని కాస్త తట్టి మళ్లీ బిగించుకోవచ్చు.