ఆర్మ్ కోర్టెక్స్-ఏ53: ఏళ్ల తరబడి వాడాక

మా ఇంట్లో ఏ53 అనే ఈ ప్రాసెసర్ కోర్, అంటే చిప్‌లో లెక్కలు చేసే భాగం, రెండు చోట్ల ఉంది. ఒకటి రౌటర్ పక్కన పడుండే రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. ప్రకటనల్ని ఆపే డీఎన్‌ఎస్ (సైట్ పేర్లకు అడ్రసులు వెతికిపెట్టే) సర్వర్, ఫొటోల బ్యాకప్, రెండు పనులూ దానివే. రెండోది స్నాప్‌డ్రాగన్ 625 చిప్ ఉన్న ఫోన్, నేను వాడి వాడి అమ్మకిచ్చింది. బోర్డులో 1.2 గిగాహెర్ట్జ్ మీద నాలుగు కోర్లు, ఫోన్‌లో 2 గిగాహెర్ట్జ్ మీద ఎనిమిది. అన్నీ ఏ53లే, ఆర్మ్ 2012లో ప్రకటించిన డిజైన్.

దీని గుణమైనా దోషమైనా ఒక్కచోటే ఉంది. ఇన్‌స్ట్రక్షన్లు ఏ వరుసలో వస్తే ఆ వరుసలోనే నడుపుతుంది. క్లాక్‌కి రెండేసి తీసుకోగలదు గానీ, ముందున్నదానికి కావాల్సిన డేటా క్యాష్‌లో (కోర్ పక్కనే ఉండే చిన్న వేగవంతమైన మెమరీలో) లేక ర్యామ్ నుంచి రావాల్సి వస్తే వెనకవన్నీ ఆగాల్సిందే. రేషన్ షాపులో ముందాయన వేలిముద్ర పడకపోతే మనం సంచి పట్టుకుని నిలబడ్డట్టే. పెద్ద కోర్లు ఈలోగా వెనకవాటిని కానిచ్చేస్తాయి. ఆ తెలివికి చిప్ మీద చోటు కావాలి, కరెంటు కావాలి. ఏ53 ఆ ఖర్చు పెట్టుకోదు.

అమ్మ ఫోన్‌లో ఇదంతా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. కాల్స్, వాట్సాప్, యూట్యూబ్‌కి ఏ ఇబ్బందీ లేదు. వీడియో పని ఎలాగూ చిప్‌లోని వేరే భాగం చూసుకుంటుంది. బరువైన న్యూస్ సైట్ తెరిచినప్పుడే తెల్ల తెర, ఆ తర్వాత స్క్రోల్ తడబాటు. పేజీలోని జావాస్క్రిప్ట్ చాలావరకు ఒక్క కోర్ మీదే నడుస్తుంది కాబట్టి పెట్టె మీద ‘ఆక్టాకోర్’ (ఎనిమిది కోర్లు) అని ఎంత పెద్దగా వేసినా ఒరిగేదేం లేదు. నన్నడిగితే స్నాప్‌డ్రాగన్ 650లో లాగా రెండు ఏ72 పెద్ద కోర్లు, నాలుగు ఏ53లు ఉన్న అమరికే మేలు. బ్యాటరీ సంగతికొస్తే మాత్రం 625కి వంక పెట్టలేను. 14 నానోమీటర్ల మీద చేసిన చిప్, చేతిలో వేడెక్కడం దాదాపు ఎరగను.

బోర్డు కథ వేరు. డీఎన్‌ఎస్ పని దానికి లెక్కే కాదు, ఫ్యాన్ అక్కర్లేదు. నాలుగు కోర్లతో ఏదైనా కంపైల్ పెడితే మాత్రం 80 డిగ్రీలకు చేరి తనే వేగం తగ్గించుకుంటుంది. ఓసారి ఏ పనీ లేకుండానే మందగించింది. థ్రాటిల్ (వేగం తగ్గించుకునే) స్థితి అడిగితే 0ఎక్స్50000 అని వచ్చింది. అంటే బూట్ అయ్యాక ఎప్పుడో ఓల్టేజీ పడిపోయింది, వేగమూ తగ్గింది అని. పాత ఫోన్ చార్జర్ తీసేసి మంచి అడాప్టర్ పెట్టాక మళ్లీ రాలేదు.

ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుకి బ్యాకప్ తీసేటప్పుడు మాత్రం ఓపిక కావాలి. ఇందులో తప్పు ఏ53ది కాదు. ఎన్‌క్రిప్షన్‌ని వేగంగా చేసే ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు చేర్చాలా వద్దా అన్నది చిప్ చేసేవాళ్ల ఇష్టం, పై 3 చిప్‌లో అవి లేవు. సీపీయూ వివరాల్లో ఫీచర్ల వరుస చూస్తే డేటాలో తప్పులు పట్టే సీఆర్‌సీ32 కనిపిస్తుంది, ఏఈఎస్ కనిపించదు. కోర్ పేరు ఒకటే కదా అని పనితనమూ ఒకటే అనుకోకూడదు. 64 బిట్ కోర్ అని మురిసిపోయినా, 2016 బోర్డుకి 64 బిట్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ బీటా (పరీక్షా దశ) దాటి వచ్చింది 2022 ఫిబ్రవరిలో. 1 జీబీ ర్యామ్‌తో నేనింకా 32 బిట్ మీదే ఉన్నాను.

2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపాలు బయటపడి పెద్ద పెద్ద ప్రాసెసర్లన్నీ ప్యాచ్‌ల కోసం పరుగులు పెట్టినప్పుడు ఏ53 ఆ జాబితాలో లేదు. ముందుచూపుతో ఊహించి పనిచేసే యావ దీనికి అంతగా లేకపోవడమే కలిసొచ్చింది.

ఇప్పుడు ఇలాంటి చిన్న సర్వర్ పెట్టుకోవాలంటే 2021లో వచ్చిన పై జీరో 2 డబ్ల్యూ చాలు. ఇదే కోర్, 512 ఎంబీ ర్యామ్. ఈథర్నెట్ పోర్టు ఉండదు, వైఫైతో సర్దుకోవాలి. ఎనిమిదీ ఏ53లే ఉన్న ఫోన్ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి.