పీడీఎఫ్ నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటే: రైట్ క్లిక్కా, సెట్టింగ్సా, ఫార్మాటా?

హన్మకొండలో మా ఇంటి కంప్యూటర్‌లో బాపు పట్టా పాస్‌బుక్ పీడీఎఫ్ మీద డబుల్ క్లిక్ కొడితే నోట్‌ప్యాడ్ తెరుచుకుని, నిండా పిచ్చి గుర్తులే వచ్చాయి. "ఫైలు ఖరాబైంది బిడ్డా" అని ఆయనకు ఒకటే టెన్షన్. నేను మొదటి లైను చూశాను. శాతం గుర్తు, దాని పక్కనే పీడీఎఫ్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. అంటే ఫైలు బాగానే ఉంది, దాన్ని తెరిచే ప్రోగ్రామే మారింది.

తెలిసిన రిపేరు షాపతను ఫోన్‌లోనే ఫార్మాట్ కొట్టాలన్నాడు. తాళంచెవి మారితే ఇల్లు కూల్చమన్నట్టుంది! అది పక్కన పెట్టండి.

ఒక్క రకం ఫైలుతోనే గొడవైతే రైట్ క్లిక్ చాలు. ఓపెన్ విత్, ఆ తర్వాత చూజ్ అనదర్ యాప్. పీడీఎఫ్ రీడర్‌నో బ్రౌజర్‌నో ఎంచుకుని, విండోస్ 11లో 'ఆల్వేస్' నొక్కాలి. 10లో కింద ఉన్న 'ఆల్వేస్' గడిలో టిక్ పెట్టి ఓకే కొట్టాలి. మా ఇంట్లో గొడవ మొదలైంది కూడా ఆ టిక్‌తోనే. అన్న కొడుకు ఏదో చూద్దామని పెట్టాడట.

ఫొటోలు, పాటలు, వీడియోలు అన్నీ తారుమారైతే సెట్టింగ్స్ మేలు. యాప్స్‌లో డిఫాల్ట్ యాప్స్‌కు వెళ్లి విండోస్ 11లో ప్రోగ్రాం పేరు నొక్కితే, అది తెరవగల ఫైలు రకాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. అక్కడి రీసెట్ బటన్ జోలికి మాత్రం ఊరికే పోవద్దు. మీరు పెట్టుకున్న బ్రౌజర్‌తో సహా అన్నీ మైక్రోసాఫ్ట్ వాటికే తిరిగి పోతాయి.

పాత వీడియోల్లో చెప్పే రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) మార్పులు, కమాండ్ ప్రాంప్ట్‌లో 'అసోక్' (assoc) కమాండ్ ఇప్పుడు చాలాసార్లు పనిచేయవు. విండోస్ 8 నుంచి మన ఎంపికకు ఒక రహస్య ముద్ర లాంటి హ్యాష్ జత చేస్తున్నారు. చేత్తో మార్చితే ఆ ముద్ర కలవదు, విండోస్ ఒప్పుకోదు.

రిజిస్ట్రీతో పనిపడేది డెస్క్‌టాప్ షార్ట్‌కట్లన్నీ ఒకే ప్రోగ్రాం బొమ్మ వేసుకుని, ఏది నొక్కినా అదే తెరుచుకున్నప్పుడు. షార్ట్‌కట్ ఫైళ్లకు ఎవరో ఒక ప్రోగ్రాంను అంటగట్టారన్నమాట. అప్పుడు రిజిస్ట్రీలో ఫైల్‌ఎక్స్‌ట్స్ (FileExts) కింద, షార్ట్‌కట్ ఫైళ్ల రకమైన డాట్ ఎల్ఎన్‌కే (.lnk)లో ఉండే 'యూజర్ ఛాయిస్' (UserChoice) తీసేయాలి. ముందు ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ దాచుకోండి.