సర్ఫ్‌బోర్డుకి ఏ ఫైబర్ క్లాత్ మేలు? 4 ఔన్సులా, 6 ఔన్సులా, బోట్లకేసే మ్యాటా?

వైజాగ్‌లో సొంతంగా బోర్డు చేసుకుందామనుకుంటే ముందు కాళ్ళు వెళ్ళేది ఫైబర్ బోట్లు రిపేర్ చేసే షెడ్డుకే, నేనూ అంతే, అక్కడ ఎక్కువగా దొరికేది 450 గ్రాముల మ్యాట్, అంటే చిన్న చిన్న గ్లాసు పీచుల్ని అడ్డదిడ్డంగా పరిచి అతికించింది. బోటుకి అది బాగానే పనిచేస్తుంది, బోర్డుకి మాత్రం వద్దు. మ్యాట్ తన బరువుకి రెండింతల పైనే రెజిన్ (ఫైబర్ మీద పోస్తే ఆరి గట్టిపడే ద్రవం) తాగుతుంది, చదరపు మీటరుకి ఒక్క పొర వేస్తేనే కిలోంపావు దాటిపోద్ది. నేసిన క్లాత్ అయితే దాదాపు తనంత బరువు రెజిన్‌తో సరిపెట్టుకుంటుంది. ఇంకోటి, బోర్డు లోపల ఉండే థర్మోకోల్ మీద పాలిస్టర్ రెజిన్ పోస్తే అందులో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికి థర్మోకోల్ కరిగిపోతుంది కాబట్టి ఎపాక్సీ రెజిన్ వాడాలి, కానీ మామూలు మ్యాట్‌లో పీచుల్ని పట్టి ఉంచే జిగురు స్టైరీన్‌లోనే కరుగుద్ది, ఎపాక్సీలో సరిగ్గా కరగదు, దాంతో మ్యాట్ మెత్తబడక అంచుల దగ్గర లేచొచ్చేస్తుంది.

ఇక అసలు పోటీ 4 ఔన్సులకీ 6 ఔన్సులకీ. ఈ ఔన్సులు చదరపు గజం క్లాత్ బరువు, మన లెక్కలో చదరపు మీటరుకి సుమారు 135 గ్రాములు, 200 గ్రాములు. 4 ఔన్సులది ముక్కు దగ్గర, అంచుల మీద హాయిగా ఒదుగుతుంది, షార్ట్‌బోర్డులకి పైన రెండు పొరలు, కింద ఒకటి ఇదే వేస్తారు. తేలిగ్గా ఉంటుంది నిజమే, కానీ మడమల ఒత్తిడికి పైభాగం త్వరగా గుంటలు పడుతుంది. ఆరడుగుల బోర్డు మీద ఒక పొర 4 బదులు 6 వేస్తే పెరిగే బరువు రెజిన్‌తో కలిపి 150 గ్రాములు కూడా ఉండదు, నేర్చుకునేవాడికి అది తెలియను కూడా తెలియదు, అందుకే నా ఓటు పైన 6 మీద 4, కింద ఒక 6.

క్లాత్ నేసే గ్లాసు పీచులోనూ రకాలున్నాయి, ఎస్ గ్లాస్ (S-glass) మామూలుగా వాడే ఈ-గ్లాస్ (E-glass) కంటే బలమైనదే, రేటూ ఎక్కువే. డబ్బు కొంచెమే ఉంటే పైభాగానికి ఒక్క పొర ఎస్ గ్లాస్ కొనండి చాలు, మొత్తం అక్కర్లేదు. ఏది కొన్నా ఎపాక్సీకి పడే ఫినిష్, అంటే రెజిన్ బాగా పట్టడానికి పీచు మీద వేసే పూత, ఉందా అని అడగండి.

రెజిన్ ఆరాక నేత గరుకు తేలుతుంది, నునుపు చేద్దామని వెంటనే శాండ్ పేపర్ పట్టొద్దు, క్లాత్ దారాలు తెగి బలం అక్కడే పోద్ది, పైన ఇంకో రెజిన్ కోటు వేసి అప్పుడు రుద్దండి, మాస్క్ పెట్టుకుని.