కాలేయం ఒక పేజీలో, పేగు మరో పేజీలో: ఒక జన్యు పరీక్షపై సమీక్ష

మా తమ్ముడికి ఆరేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు, ఉంది. నిరుడు మామూలుగా చేయించిన లివర్ ఫంక్షన్ టెస్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పిత్తం పారడానికి అడ్డంకి ఉంటే రక్తంలో పెరిగే ఎంజైము) బాగా ఎక్కువగా కనిపించడంతో డాక్టరు పిత్తనాళాలను చూపే ఎమ్మార్సీపీ స్కాన్ తీయించారు. పిత్తనాళాలు ఒకచోట సన్నబడి, మరొకచోట ఉబ్బి, పూసలదండలా ఉన్నాయి. ప్రైమరీ స్క్లీరోసింగ్ కోలాంజైటిస్, క్లుప్తంగా పీఎస్సీ, అని తేల్చారు. పిత్తనాళాలు వాచి, మచ్చలు కట్టి సన్నబడే కాలేయ జబ్బు ఇది. తోడబుట్టినవాడిని కనుక నాకూ వస్తుందేమోనన్న భయంతో, లాలాజలం పరీక్షించి జబ్బుల ముప్పు చెప్పే ఒక కంపెనీ ప్యాకేజీని 7,500 రూపాయలకు తీసుకున్నాను. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు.

నమూనా సేకరణలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అరగంట ముందునుంచి మంచినీళ్లు కూడా తాగకుండా, నురగను లెక్కలోకి తీసుకోకుండా, గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపడానికి నాకు పావుగంట పట్టింది. కొరియర్ మనిషి చెప్పిన సమయానికే వచ్చాడు, రిపోర్టు 24 రోజుల్లో అందింది.

ఇబ్బందంతా ఆ రిపోర్టుతోనే. ముప్పును రంగుల్లో చూపే ముల్లు కాలేయం పేజీలో ఆకుపచ్చ మీద, పేగు పేజీలో పసుపు మీద నిలిచింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నలభై పేజీల్లో ఒక్క వాక్యమూ లేదు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం పీఎస్సీ ఉన్నవారిలో 60 నుంచి 80 శాతం మందికి పేగు వాపు జబ్బు (అల్సరేటివ్ కొలైటిస్ లేదా క్రోన్స్ వ్యాధి) కూడా ఉంటుంది. పీఎస్సీ ఉన్న 4,796 మంది జన్యువులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ జబ్బుకూ అల్సరేటివ్ కొలైటిస్‌కూ జన్యు సహసంబంధం (సున్నా అయితే పోలిక లేనట్టు, ఒకటి అయితే పూర్తిగా కలిసినట్టు) 0.29గా, క్రోన్స్ వ్యాధితో 0.04గా తేలింది. అంటే కొలైటిస్‌తో చుట్టరికం స్పష్టంగా ఉంది గానీ, రెండూ ఒకే జబ్బు అనేంత దగ్గరితనం లేదు. నాలాంటివాడు డబ్బు పెట్టి తెలుసుకోవాలనుకున్నది సరిగ్గా ఈ సంగతే.

అంతకంటే పెద్ద లోపం 31వ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: రోగనిరోధక వ్యవస్థకు కీలకమైన జన్యువులుండే, క్రోమోజోమ్ 6 మీది హెచ్ఎల్ఏ ప్రాంతాన్ని తమ లెక్కలో కలపలేదట. పీఎస్సీకి అన్నిటికంటే బలమైన జన్యుబంధం ఆ ప్రాంతంతోనే ఉంది. పప్పు వడ్డించకుండా పెళ్లిభోజనం ముగించినట్టుంది ఈ వ్యవహారం. పైగా ఇలాంటి ముప్పు లెక్కలకు ఆధారమైన సమాచారం ఎక్కువగా ఐరోపా సంతతివారిది. మనవాళ్లకు అది ఎంతవరకు వర్తిస్తుందో చెప్పకుండా రంగుల ముల్లు చూపించడం సబబు కాదు.

ప్యాకేజీలో భాగంగా ఫోనులో అరగంట మాట్లాడిన జెనెటిక్ కౌన్సెలర్ మాత్రం నిజాయితీగా మాట్లాడారు. ఆకుపచ్చ ముల్లును చూసి నిశ్చింతగా ఉండవద్దని ముందే చెప్పారు. క్రోమోజోమ్ 21 మీద ఈటీఎస్2 అనే జన్యువును ప్రభావితం చేసే ఒక ప్రాంతం పేగు వాపు జబ్బులతోనూ పీఎస్సీతోనూ ముడిపడి ఉందని, లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ పరిశోధకులు 2024లో దాని పనితీరును వివరించారని ఓపికగా చెప్పారు. తోడబుట్టినవారికి ముప్పు ఇతరుల కంటే ఎక్కువే అయినా, వారిలో చాలామందికి ఈ జబ్బు రాదన్నారు. తమ్ముడికి ఏటా కొలనోస్కోపీ జరుగుతోందా అని ఆమే అడిగారు. రెండు జబ్బులూ కలిసినప్పుడు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కాబట్టి ఆ ప్రశ్న ఎంతో అవసరమైనది.

కౌన్సెలింగ్‌కు ఐదుకు నాలుగు, రిపోర్టుకు ఒకటిన్నర ఇస్తాను. ఆమె సలహా మేరకు మర్నాడే మా వీధి చివరి ల్యాబులో 400 రూపాయలకు లివర్ ఫంక్షన్ టెస్టు చేయించుకున్నాను. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ హద్దులోనే ఉంది.