హెచ్610 తిరిగిచ్చి బీ760 తెచ్చుకున్నాను: పాత డీడీఆర్4 ర్యామ్ కోసం అదనంగా నాలుగు వేలు

పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డు పోయాక నా దగ్గర పనికొచ్చేవి మూడే మిగిలాయి: 8 జీబీ డీడీఆర్4 స్టిక్కులు ఒక జత (స్పీడు 3600, సీఎల్18, అంటే అడిగిన డేటా ఇచ్చేలోపు ర్యామ్ తీసుకునే ఆలస్యం 18 సైకిళ్లు), గ్రాఫిక్స్ కార్డు, ఒక జెన్ 4 (నాలుగో తరం పీసీఐఈ దారి మీద నడిచే) ఎస్‌ఎస్‌డీ. కొత్త తరం డీడీఆర్5 రేట్లు చూశాక కొత్త ర్యామ్ ఆలోచనే మానేసి, ఇంటెల్ ఐ5-12400ఎఫ్ తీసుకుందామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను. ఈ ప్రాసెసర్ డీడీఆర్4, డీడీఆర్5 రెండింటితోనూ నడుస్తుంది, ఏది పట్టాలో తేల్చేది బోర్డే.

"ర్యామ్ స్లాట్‌లో కూర్చుంటే చాలన్నా, మిగతాదంతా సేమ్" అంటూ షాపతను హెచ్610 చిప్‌సెట్ (బోర్డులో ఏ సదుపాయాలు ఉండాలో తేల్చే చిప్) ఉన్న బోర్డు చేతిలో పెట్టాడు. నేనూ తలూపాను, తప్పు నాదే.

ఇంటికొచ్చి అన్నీ బిగించి టాస్క్ మేనేజర్ తెరిస్తే ర్యామ్ స్పీడు 2666 అని ఉంది. సరే, బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేయలేదు కదా అని ఆన్ చేశాను. 3200కి వచ్చి కూర్చుంది, ఎన్నిసార్లు మార్చినా అక్కడినుంచి కదల్లేదు. తర్వాత చదివితే తెలిసింది, హెచ్610లో మెమరీ ఓవర్‌క్లాకింగే (అధికారిక స్పీడు దాటించడం) లేదట, ఈ ప్రాసెసర్‌కి ఇంటెల్ అధికారికంగా ఇచ్చిన డీడీఆర్4 స్పీడు 3200, చిప్‌సెట్ అక్కడే గేటు వేసేస్తుంది. ర్యామ్ సంగతి ఎలా ఉన్నా అసలు మంట ఎస్‌ఎస్‌డీది. ప్రాసెసర్ నుంచి నేరుగా ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్‌కి వెళ్లే జెన్ 4 దారి హెచ్610లో ఉండదు, చిప్‌సెట్ మీదుగా జెన్ 3లోనే నడవాలి, అంటే సెకనుకి 7000 ఎంబీ చదవగల డ్రైవ్ 3500 దగ్గర ఆగిపోతుంది. పైగా ర్యామ్ స్లాట్లు రెండే.

షాపులో గంటసేపు వాదించి, పైన నాలుగు వేలు కట్టి బీ760 చిప్‌సెట్ బోర్డు తెచ్చుకున్నాను. ఇక్కడ ఒక్కటి జాగ్రత్త, ఒకే మోడల్ పేరుతో డీడీఆర్4 బోర్డూ ఉంటుంది, డీడీఆర్5 బోర్డూ ఉంటుంది, డబ్బా మీద చిన్నగా రాసిన డీ4 అనో డీడీఆర్4 అనో చూసుకోవాలి. ర్యామ్ పిన్నులు రెండింటికీ 288, కానీ మధ్యలో గాటు వేరేచోట ఉంటుంది కాబట్టి ఎంత నొక్కినా దిగదు, నొక్కకండి కూడా.

బీ760లో ఎస్‌ఎస్‌డీ పూర్తి స్పీడుకి వచ్చింది. ర్యామ్‌ని ఎక్స్‌ఎంపీతో 3600, గేర్ 1లో (ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ ర్యామ్‌తో సమాన వేగంలో నడిచే పద్ధతి) పెట్టాను. ఫ్యాన్లు తిరిగి ఆగాయి, మళ్లీ తిరిగి ఆగాయి, మూడోసారికి బోర్డు తనంతట తానే పాత సెట్టింగ్‌కి వచ్చేసింది. ఇది బోర్డు లోపం కాదు, పేరు చివర కే లేని 12వ తరం ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ వోల్టేజీ పెంచుకునే వీలు లేదు, అందుకే గేర్ 1 చాలామందికి 3400, 3600 మధ్య ఎక్కడో ఆగిపోతుంది. గేర్ 2లో 3600 ఎక్కింది కానీ అందులో కంట్రోలర్ సగం వేగంతో నడుస్తుంది, ఆ సంబరానికి 3200 గేర్ 1 నయం. చివరికి 3466 దగ్గర స్థిరపడ్డాను.

కాబట్టి ఈ ప్రాసెసర్‌కి కొత్తగా డీడీఆర్4 కొనేవాళ్లు 3600 కోసం ఎగబడక్కర్లేదు. సీఎల్‌ని 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది, 3600 సీఎల్18కీ పదే, 3200 సీఎల్16కీ పదే. ఒకే 16 జీబీ స్టిక్ మాత్రం వద్దు, రెండు ఎనిమిదులు తీసుకుని నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి, డ్యూయల్ చానెల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేయడం) తేడా గేముల్లో కంటికే కనిపిస్తుంది. జెన్ 4 డ్రైవ్ లేదు, ర్యామ్ ఇక పెంచను అనుకునేవాళ్లకి హెచ్610 చాలు, నిజంగానే చాలు. అన్నట్టు, పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, మానిటర్ వైరు బోర్డుకి పెట్టి డిస్‌ప్లే రావట్లేదని కంగారు పడకండి (నేను పదినిమిషాలు పడ్డాను).

పోయిన నెల పెళ్లి ఫొటోల ఎడిటింగ్‌కి 16 జీబీ చాలక ఇంకో రెండు ఎనిమిదులు సెకండ్ హ్యాండ్‌లో కొని, ఖాళీగా ఉన్న స్లాట్లలో పెట్టాను. నాలుగూ కలిసి 3466లో నిలవలేదు, దించాల్సి వచ్చింది. టాస్క్ మేనేజర్‌లో మళ్లీ అదే 3200, కాకపోతే ఇప్పుడు పైన 32 జీబీ అని ఉంది.