గ్రంథాలయోద్యమ పరిశోధనలో జొటేరో: ఎం.ఏ. నుంచి పీహెచ్‌డీ దాకా వాడిన అనుభవం

ఆంధ్ర గ్రంథాలయోద్యమం మీద ఎం.ఏ. డిసర్టేషన్‌కి దిగినప్పుడు ల్యాప్‌టాప్‌లో జొటేరో వేసుకున్నాను. చదివిన పుస్తకాలూ వ్యాసాల వివరాలు, నోట్లు ఒకచోట దాచుకుని, రాసేటప్పుడు వాటిని ఫుట్‌నోట్లుగా పెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇది. ఇప్పుడు పీహెచ్‌డీకీ అదే వాడుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్. 2006లో దీన్ని తెచ్చింది అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్రకారులు నడిపే ఒక కేంద్రం. అందుకేనేమో, వివరాలు నింపుకోవడానికి మనకి కావాల్సిన గడులన్నీ ఇందులో ఉన్నాయి.

కృష్ణాపత్రిక పాత సంచికలో ఒక వార్త దొరికిందనుకోండి. 'న్యూస్‌పేపర్ ఆర్టికల్' అని ఎంట్రీ తెరిస్తే తేదీ, పేజీతో పాటు ఆ ప్రతి ఏ లైబ్రరీలో ఉంది, అక్కడ ఏ నంబరు కింద ఉంది అని రాసుకోవడానికి కూడా వేరే గడులుంటాయి. ఈ రెండూ ఎప్పుడూ ఖాళీగా వదలకండి. వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీలో చూసిన సంచికా, నెట్‌లో చూసిన స్కానూ ఆర్నెల్లు పోయాక ఒకటే అనిపిస్తాయి. గైడ్ "ఇది ఎక్కడ చూశావమ్మా?" అని అడిగినప్పుడు టెన్షన్ లేకుండా జవాబు చెప్పగలుగుతున్నానంటే ఆ రెండు గడుల వల్లే.

ఇక వెతుకులాట మాత్రం మన పనే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు మన సబ్జెక్టుకి నిధి లాంటివి. కానీ చాలా తెలుగు పుస్తకాల పేర్లు అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటాయి. 'గ్రంథాలయ' అన్న ఒక్క మాటనే 'టీహెచ్'తో, 'డీహెచ్'తో, 'ఏ'లు రెండేసి పెట్టి, రకరకాలుగా కొట్టి చూడాలి. దొరికాక బ్రౌజర్‌లో జొటేరో బటన్ నొక్కితే పుస్తకం పేరు ముందు 2015 అని, దాని పక్కన ఇంకో నంబరు వచ్చి కూర్చోవడం మామూలే. ఆ 2015కీ పుస్తకం అచ్చయిన సంవత్సరానికీ సంబంధం లేదు. ముఖపత్రం తెరిచి, అసలు సంవత్సరం చూసి మీరే వేయాలి.

ఇంకో సంగతి. ఈ స్కాన్లలో చాలావరకు ఉత్త బొమ్మలే, తెలుగు మాట కొట్టి లోపల వెతకడం కుదరదు. అందుకే ప్రతి దానికీ ఒక నోట్ పెట్టి, పనికొచ్చే నాలుగు వాక్యాలు పేజీ నంబరుతో సహా తెలుగులో టైప్ చేస్తాను. కాస్త ఓపిక కావాలి. కానీ చాప్టర్ రాసేటప్పుడు 'సంచార గ్రంథాలయం' అని కొడితే ఆ నోట్లన్నీ వరసగా వచ్చేస్తాయి.

నాకు బాగా నచ్చింది, ఒకే ఎంట్రీని ఎన్ని ఫోల్డర్లలోనైనా ఉంచుకోవచ్చు, కాపీలు చేయక్కర్లేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద నడిపించిన పడవ గ్రంథాలయం గురించిన వ్యాసం నా దగ్గర 'సంచార గ్రంథాలయాలు'లోనూ ఉంది, '1930లు'లోనూ ఉంది. ఇలా పెట్టుకున్నాకే 1901 నాటి హైదరాబాద్ గ్రంథాలయం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్నీ 1914 బెజవాడ గ్రంథాలయ మహాసభనీ పక్కపక్కన పెట్టి చూడగలిగాను. అంతకుముందు నైజాం కాగితాలు ఒక మూల, కోస్తా కాగితాలు ఒక మూల పడి ఉండేవి.

తెలుగు పేర్లతోనే ఇబ్బంది. ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో వేస్తే ఫుట్‌నోట్‌లో 'లక్ష్మీనరసింహం చిలకమర్తి' అని తిరగబడి వస్తుంది. పేరు పక్కనున్న చిన్న బటన్ నొక్కి రెండు గడుల్నీ ఒకటి చేసి, మనం పిలిచే వరసలోనే మొత్తం పేరు రాస్తే సరిపోతుంది. ఒకే రచయితని ఒకచోట తెలుగులో, మరోచోట ఇంగ్లిష్‌లో రాస్తే జొటేరో ఇద్దరు మనుషులనుకుంటుంది. మొదట్లోనే ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. వర్డ్‌లో ఫుట్‌నోట్లు పెట్టడం గురించి చెప్పేదేం లేదు, చక్కగా పనిచేస్తుంది.

సెమినార్ పేపర్‌కైతే ఇదంతా అక్కర్లేదు, నోట్‌బుక్ చాలు. డిసర్టేషన్‌కైతే మొదటి రోజు నుంచే వాడమంటాను. ఆన్‌లైన్‌లో ఫైళ్లకి ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ. పత్రికల ఫొటోలు ఉంటే అది ఇట్టే నిండిపోతుంది. అందుకే నేను ఎంట్రీలూ నోట్లూ మాత్రమే సింక్‌లో ఉంచాను, వాటికి ఈ లెక్క వర్తించదు. ఫైళ్ల సింక్ ఆపేసి, జొటేరో మూసేశాక డేటా ఫోల్డర్ మొత్తాన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుంటాను.